ముక్క తీయాలా, కట్టు కట్టాలా

నాగార్జునసాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే యాచారంలో ఒక ఆర్‌ఎంపీ. హైదరాబాదులో ప్లాస్టిక్ సర్జరీ చదువుతున్న ఆయన మేనకోడలు. ఇద్దరూ, వాళ్ళ మధ్య నలుగుతున్న రోగీ కల్పితులే. వాళ్ళ వాదన మాత్రం ఊళ్ళలో రోజూ నడిచేదే. చిన్నప్పుడు కాలిన తల మీద దశాబ్దాల తర్వాత ఒక పుండు లేస్తుంది. దానికి కట్టు కడుతూ పోవాలా, ముక్క తీసి పరీక్షకు పంపాలా? ఇందులో నేను మేనకోడలి పక్షం. మామ నోరు నొక్కి ఆమెను గెలిపించడం మాత్రం నాకిష్టం లేదు.

మామ: పొద్దున ఆ మనిషి తల చూసినవ్ గద. ఇంక రుమాలు మళ్ళ కట్టుకోకముందే ‘పట్నం పోవాలె, ముక్క తీయాలె’ అన్నవ్. ఆయన మొఖం ఎట్లయిందో చూసినవా? ఏడేండ్లప్పుడు మరుగుతున్న ఎసట్ల పడ్డ పిలగాడు. ముప్పై ఆరేండ్ల సంది ఆ మచ్చతోనే బతుకుతున్నడు. ఇప్పుడు బండి మీద తిరుగుతుంటే హెల్మెట్ ఒరుసుకొని పుండయింది. గంతే.

మేనకోడలు: ఎప్పటి సంది కడుతున్నవ్ మామా కట్లు?

మామ: దసరా ముంగట మొదలువెట్టిన.

మేనకోడలు: సంక్రాంతి గూడ పోయింది.

మామ: మధ్యల ఒకసారి మానింది. మళ్ళ పగిలింది. తల మీద మచ్చ గట్లనే ఉంటది బిడ్డా. నీకు పుస్తకం చెప్తది, నాకు చెయ్యి చెప్తది. ఆడ వెంట్రుక లేదు, చెమట లేదు, నూనె లేదు. తోలు ఉల్లిపొర లెక్క, కింద బుర్ర ఎముక. గోరు తగిలినా లేస్తది. లేసినదానికల్ల కేన్సర్ పేరు పెడితే ఊర్ల సగం మంది ఎంజీబీఎస్ బస్సెక్కాలె.

మేనకోడలు: నువ్వు చెప్పినదాంట్ల ఒక్క తప్పు లేదు. మామూలు తల మీద తోలు లేచిపోతే వెంట్రుకల కుదుళ్ళ నుంచి కొత్త తోలు పుట్టుకొస్తది, అందుకే తల గాయాలు తొందరగ మానుతయి. లోతుగ కాలితే ఆ కుదుళ్ళే ఉండయి. చుట్టుపక్కల అంచుల నుంచి కణాలు పాకుకుంట వచ్చి కప్పాలె. ఆ కణాలు ముప్పై ఏండ్ల సంది పగులును కప్పుడు, మళ్ళ పగులుడు, మళ్ళ కప్పుడు, ఇదే పని మీద ఉన్నయి. ఎన్నిసార్లు విడిపోతే అన్నిసార్లు తప్పు జరిగే సందుంటది. ఆ మచ్చల రక్తం సరిగ ఆడది. రోగాన్ని పట్టుకునే తెల్లకణాలు, వాటి దారులు ఆడికి సరిగ రావు. తప్పుదారి పట్టిన కణం అండ్ల దాక్కొని పెరుగుతది. పుండు మానదు అనేటందుకు నువ్వు ఏ కారణం చెప్పినవో, కేన్సర్ పుట్టేటందుకూ అదే కారణం.

మామ: కారణం ఉన్నంత మాత్రాన రోగం ఉండాలెనా? కాలిన మచ్చలల్ల ఎన్ని కేన్సర్ అయితయి, చెప్పు.

మేనకోడలు: నూటికి ఒకటో రెండో అని అంటరు.

మామ: చూసినవా! తొంభై ఎనిమిది మందిని భయపెట్టి ఇద్దరిని పట్టుకుంటనంటవ్.

మేనకోడలు: ఏ నూరు మందిని లెక్కపెడుతున్నవ్ మామా? కాలి, మానిపోయి, మళ్ళ ఎన్నడూ పుండు లేవనోళ్ళు గూడ ఆ నూరుల ఉన్నరు. వాళ్ళను నేను పట్నం పొమ్మంటలేను. మూడు నెలల సంది మానని పుండు, అంచు దొడ్డుగ పైకి పొర్లింది, దూది తగిలితే రక్తం కారుతున్నది, ఎన్నడూ లేని వాసన. అసుంటి పుండ్లను ఒక నూరు ఏరి లెక్కపెట్టు. అప్పుడు ఒకటో రెండో అనవు.

ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదని రాస్తే సంవాదానికి అందంగా ఉంటుంది కాని, ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేసిన ఆర్‌ఎంపీ అంత తేలిగ్గా ఊరుకోడు.

మామ: వాసనంటె చీము పట్టింది. మెట్రోజిల్ గోళి దంచి చల్లిన, రెండు రోజులల్ల వాసన పోయింది. ఒకపారి పురుగులు గూడ పడ్డయి. టర్పెంటైన్ ఆయిల్ పోసి ఒక్కొక్కటి చిమటతోని తీసిన. మీ పెద్ద దవాఖానల గూడ అదే చేస్తరు.

మేనకోడలు: అదే చేస్తం. నీ చెయ్యి మంచిదే, అందుకే ఇన్ని రోజులు దాగింది. వాసన పోయింది, పురుగులు పోయినయి, ఆయనకూ నీకూ మంచిగయితున్నదని అనిపించింది. అడుగున గట్టిగ ఉన్నది చూసినవా? పొద్దున నేను వేలు పెట్టి కదిపిన. పుండు పక్కకు జరుగుతలేదు, ఎముకకు అతుక్కున్నట్టున్నది. ఒక మూలకు గోబిపువ్వు లెక్క లేచింది.

మామ: మచ్చ ముందే ఎముకకు అతుక్కున్నది గద!

మేనకోడలు: ఔను. అందుకే వేలితోని తేలదు, ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితేనే తేలుతది.

మామ: ముక్క తీస్తే ముదురుతదని జనం అంటరు. నేనన్నది గాదు. గని నా కళ్ళముందు అయింది. మా దిక్కు ఒకాయన, కాలు మీద పుండు, ముక్క తీసినంక ఆరు నెలలకు గజ్జల బిళ్ళలు కట్టినయి.

మేనకోడలు: ఆయన ఎప్పుడు పోయిండు ముక్కకు?

మామ: పోయేవరకు ఏడాది దాటింది.

మేనకోడలు: అయితే బిళ్ళలు కట్టింది ఏడాది ఆగినందుకు. కత్తి పెట్టినందుకు గాదు. పుండు పుండుగ ఉన్నప్పుడు ఎవ్వరూ పోరు, ముదిరినంక పోతరు, పోయినంక చస్తరు. చూసేటోళ్ళకు దవాఖాన చంపినట్టే కనబడతది.

మామ: సరే. ఇంకోటి జెప్తా, దీనికి జవాబు చెప్పు. ఇట్లాంటి పుండునే ఒక ఆడామెను నేనే పంపిన. ఏ దవాఖాననో ఇప్పుడొద్దు. ముక్క తీసిండ్రు. ‘కేన్సర్ లేదు’ అని కాయితం ఇచ్చిండ్రు. ఆమె సంబురంగ వచ్చింది. నేను గూడ సంబురపడి కట్లు కట్టిన. ఎనిమిది నెలలకు ఇంకో దగ్గర చూపిస్తే కేన్సరే. నువ్వు నమ్మే మైక్రోస్కోపు ఆమెను మోసం చేసింది. నేను పంపకపోయినా గంతే అయ్యేది గద?

ఈ సంవాదంలో మామ వేసిన గట్టి దెబ్బ ఇదే. ‘పరీక్ష చేయించుకోండి’ అని ఊరూరా బోర్డులు రాసేవాళ్ళు పరీక్ష తప్పిపోతుందన్న సంగతి చెప్పరు.

మేనకోడలు: మోసం జరిగింది మామా, కాదనను. ఎట్ల జరుగుతదో చెప్త. పాత మచ్చ మీది పుండు అంతటా ఒక్కతీరుగ ఉండది. మధ్యల చచ్చిన కండ, చీము. కేన్సర్ ఉంటే చాలాసార్లు అంచుల, లోతుల ఉంటది. పైపైన మధ్యల నుంచి ఒక్క చిన్న ముక్క గిల్లితే చీము తప్ప ఏం కనబడది. ఇంకో చిక్కున్నది. ఏండ్లకొద్ది మానని పుండు అంచుకు పైపొర ఊరికెనే దొడ్డుగై కిందికి వేళ్ళు దిగినట్టు పెరుగుతది, అది కేన్సర్ గాదు. పలచటి ముక్కల ఈ రెంటినీ వేరు చెయ్యాలంటే పెద్ద పెథాలజిస్టుకు గూడ కష్టమే. అందుకే మూడు నాలుగు చోట్ల తీయాలె. పుండు, మంచి తోలు రెండూ కలిసే అంచు నుంచి, లోతుగ, కింది పొర గూడ వచ్చేటట్టు. ‘కాలిన పాత మచ్చ, ఇన్నేండ్లది, ఇన్ని నెలల సంది పుండు’ అని చీటి మీద రాసి పంపాలె. ఒకసారి లేదని వచ్చినా పుండు మానకపోతే ఆ కాయితాన్ని నమ్మొద్దు. మళ్ళ తీయాలె.

మామ: ‘కేన్సర్ లేదు’ అన్న కాయితాన్ని నమ్మొద్దని ఆమెకు ఎవరు జెప్పాలె? డాక్టర్ జెప్పలే.

మేనకోడలు: చెప్పాల్సింది. చెప్పకపోవుడు తప్పే.

మామ: ఊఁ.

మేనకోడలు: ఇది కొత్త రోగం గాదు. 1828ల ఫ్రాన్స్‌ల మార్జొలిన్ అనే సర్జన్ మచ్చల మీద లేచే పుండ్ల గురించి రాసిండు. అవి కేన్సర్ అని ఆయన గూడ అనలేదు. ఆయన పేరు మీదనే మార్జొలిన్ పుండు అని 1903 నుంచి అంటున్నరు. కాశ్మీర్‌ల చలికి నిప్పుల కుంపటి కాంగ్రీని అంగీ లోపల పెట్టుకుంటరు గద, తొడల మీద, కడుపు మీద ఏండ్లకొద్ది సెగ తగిలి కేన్సర్ వస్తదని 1866లనే ఎల్మ్‌స్లీ అనే మిషన్ డాక్టర్ రాసిండు. అది రోజూ తగిలే సెగ, ఇది ఒక్కసారి కాలిన మచ్చ. రెండు చోట్లా నిప్పు తగిలిన శానా ఏండ్లకు రోగం బయటపడతది. కాలినప్పటి సంది సగటున ముప్పై ఏండ్లు దాటుతది. ముసలితనంల కాలితే అంత గడువు గూడ పట్టది.

మామ: కాశ్మీరు ఎందుకు బిడ్డా, మన దగ్గర కాలేది తక్కువనా? మూర్ఛ వచ్చి పొయ్యిల పడ్డోళ్ళు, బోరు మోటరు కాడ కరెంటు పట్టుకున్నోళ్ళు, కిరసనాయిలు బుడ్డి మీద పడ్డ పిల్లలు, స్నానానికి కాగిన నీళ్ళ గంగాళం గుంజుకున్నోళ్ళు. అందరూ మొదలు నా దగ్గరికే వచ్చిండ్రు. పంటిపేస్టు పూసుకొని వచ్చినోళ్ళు, సిరా పోసుకొని వచ్చినోళ్ళు, బర్నాల్ పూసుకొని వచ్చినోళ్ళు. అవన్నీ కడిగేటందుకే సగం రోజు పట్టేది.

అసలు పేచీ కేన్సర్ అని తేలిన తర్వాతిది. అక్కడ మామకు వైద్యం తెలియకపోవడం ఒక్కటే అడ్డు కాదు, తెలిసినా ఒప్పుకోలేని సంగతులున్నాయి.

మామ: సరే, కేన్సరే అనుకో. ఏం జేస్తరు?

మేనకోడలు: మొదలు స్కానింగ్. సీటీల ఎముకను చూస్తరు, పై పలక తిన్నదా, లోపలిదాక పోయిందా అని. మెదడు మీది పొర మీద అనుమానముంటే ఎమ్మారై. చెవి ముందట, చెవి ఎనుక, మెడల బిళ్ళలు ఉన్నయా అని వేళ్ళతోని చూస్తరు, ఉంటే సూది పరీక్ష. ఆ తర్వాత కోత. పుండు చుట్టు కనీసం రెండు సెంటీమీటర్లు కలిపి తీస్తరు. చానమంది సర్జన్లు మచ్చను మొత్తమే తీసేస్తరు, ఎందుకంటే రేపు ఇంకో మూల మళ్ళ లేవొచ్చు. బుర్ర ఎముకకు రెండు పలకలు, మధ్యల గుల్ల ఉంటది. పై పలకకు తాకితే దాన్ని డ్రిల్లుతోని చెక్కుతరు. లోపలి పలక దాక పోతే ఆ ఎముకనే ముక్కగ తీయాలె. అప్పుడు న్యూరోసర్జన్ పక్కకుండాలె.

మామ: బుర్ర ఎముక తీసి?

మేనకోడలు: కండతోని కప్పుతం. ఎముక మీద పలచటి పొర ఉంటది, అది మిగిలితే తొడ నుంచి తోలు తీసి అతికిస్తే పడుతది. ఆ పొర పోయి ఉత్త ఎముక మిగిలితే తోలు పట్టది, కింద రక్తం ఉండాలె గద. పక్కనున్న మంచి తలతోలును మలిపి తెచ్చి కప్పుతం. ఈయనకు నెత్తి సగం మచ్చనే, మలిపేటందుకు తోలు లేదు. వీపు మీది వెడల్పు కండను దాని రక్తనాళాలతోని సహా కోసి తీసి తల మీద పరిచి, చెవి ముందట వేలు పెడితే కొట్టుకునే నాడికి మైక్రోస్కోపు కింద కుడతం. వెంట్రుక కన్న సన్నటి దారం. ఎనిమిది పది గంటలు పడుతది.

మామ: వీపు తీసి నెత్తికి! ఆ మనిషి మేస్త్రీ దగ్గర పని చేస్తడు. తట్ట నెత్తిన పెట్టి మోసేటోడు. ఎముక లేని నెత్తి మీద తట్ట ఎట్ల పెడ్తడు? ప్రాణం కాపాడి చేతి పని తీసేస్తే ఇంట్ల ఏం తింటరు? ఇది నువ్వు చెప్పే చికిత్సల లెక్క ఉన్నదా?

మేనకోడలు: తట్ట మోయలేడు. అది నిజం. వీపు కండ పోయినా చెయ్యి మంచిగనే పని చేస్తది, నెత్తి మీద బరువు మాత్రం ఇగ పెట్టొద్దు. ఎముక తీయాల్సి వస్తే తర్వాత టైటానియం జాలీ పెట్టొచ్చు. ఇప్పుడు పోతే రోగం ఎముక దాక పోయిందో లేదో. ఇంకో ఆరు నెలలు నీ దగ్గర కట్లు కట్టించుకుంటే తప్పకుండ పోతది. తట్ట గురించి బాధ ఉంటే తొందరగ పంపాలె గాని ఆపితే ఎట్ల?

మామ: కరెంటు పెట్టి కరిగించలేరా? కోత లేకుండ?

మేనకోడలు: ఒక్క కరెంటుతోని ఇది తక్కువ గాదు. రక్తం సరిగ ఆడని మచ్చల రేడియేషన్ పని తక్కువ, దాని మీద కొత్త పుండు పడే భయం ఎక్కువ. కోతల అంచుకు ఇంక రోగం కనబడితే, నరం వెంట పాకితే, బిళ్ళలల్ల ఉంటే అప్పుడు ఆపరేషన్ తర్వాత పెడతరు. బిళ్ళలు ఉంటే మెడ ఆపరేషన్ గూడ ఉంటది. కొత్త మందులు వచ్చినయి, 2018ల అమెరికాల సెమిప్లిమాబ్ అనేదానికి అనుమతి ఇచ్చిండ్రు, కోయలేనంత ముదిరిన చర్మ కేన్సర్‌కు. దాని ధర చెప్తే నువ్వు నన్ను ఇంట్ల నుంచి ఎల్లగొడ్తవ్.

మామ: ఆపరేషన్ తర్వాత కరెంటు ఎన్ని రోజులు?

మేనకోడలు: మామూలుగ వారానికి ఐదు రోజులు, ఆరు వారాల దాక.

మామ: ముప్పై రోజులు. యాచారం నుంచి రెడ్ హిల్స్‌ల ఎంఎన్‌జే కేన్సర్ దవాఖాన దాక పొద్దున పోవుడు, సాయంత్రం వచ్చుడు. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ, మొగోనికి టికెట్. కూలి పోయే, తోడొచ్చినోని కూలి గూడ పోయే. ఆరోగ్యశ్రీ పది లక్షల దాక చేసిండ్రు, మంచిదే, కోతకు పైసలు పడవు. బువ్వకు ఎవరిస్తరు?

మేనకోడలు: నా దగ్గర దానికి జవాబు లేదు.

మామ: లేదని ఒప్పుకున్నవ్, మంచిది. ఇంకోటి. ఆపరేషన్ చేయించుకున్నోడు గూడ పోతడు. ఎందుకు?

మేనకోడలు: మామూలు చర్మ కేన్సర్ నూటికి నలుగురైదుగురి కన్న ఎక్కువ మందిల బిళ్ళలకు పాకది. కాలిన మచ్చ నుంచి పుట్టింది అట్ల గాదు, ఐదుగురిల ఒకరికి, కొన్ని లెక్కలల్ల అంతకన్న ఎక్కువ మందికి పాకుతది. మచ్చ లోపల ఉన్నన్ని రోజులు బందీ లెక్క ఉంటది. మచ్చ గోడ దాటి మంచి కండల పడిందంటే దాన్ని ఆపేది లేదు. మళ్ళ లేచేటియి ఎక్కువ శాతం మొదటి రెండు మూడేండ్లల్లనే లేస్తయి. అందుకే రెండు మూడు నెలలకొకసారి మెడ తడిమి చూడాలె.

మామ: ఆ రెండు మూడు నెలలకొకసారి ఎవరు చూస్తరు? ఓపీల మూడు వందల మంది లైన్ల నిలబడితే నీ సీనియరు మెడ తడుముతడా?

మేనకోడలు: నువ్వు తడుము. నేర్పుత.

మామ: నేనా? మెడికల్ కౌన్సిల్ వాళ్ళు తనిఖీకొచ్చి దుకాణం మూయమనవట్టిరి. నువ్వు మెడ తడమమనవడితివి.

ఈ వెటకారం వెనక పెద్ద ప్రశ్న ఉంది. అర్హత లేనివాళ్ళు వైద్యం చేయకూడదన్న చట్టం సరైనదే. చట్టం చెప్పినట్టు ఆ తలుపు మూసేస్తే, పాత మచ్చ మీద లేచిన పుండును మొదట చూసే కన్ను ఎవరిది? పీహెచ్‌సీకి జ్వరానికి పోతారు, పిల్లల టీకాలకు పోతారు. ఏళ్ళ తరబడి రుమాలు కింద, కొంగు కింద దాచుకున్న బోడి మచ్చను చూపించుకోవడానికి పోరు. దాన్ని చూసేది ఆర్‌ఎంపీ, లేదంటే కటింగ్ షాపు అతను.

మామ: ఇంక అసలు మాట. నువ్వు పుండు కాడ మొదలువెట్టినవ్. నేను ముప్పై ఆరేండ్ల ఎనుకకు పోత. ఆ పిలగాన్ని వాళ్ళ నాయన అప్పుడే పట్నం తీసుకపోయిండు. నెలన్నర వార్డుల ఉన్నడు. ‘అదే మానుతది’ అని పంపిచ్చిండ్రు. ఆర్నెల్లు కారింది నెత్తి. ముడుతలు పడి, పొర కట్టి, ఎట్లనో మూసుకున్నది. అప్పుడే తొడ తోలు తీసి నెత్తికి అతికిస్తే ఈ కథ ఉండేదా?

మేనకోడలు: చానవరకు ఉండకపోయేది. లోతుగ కాలినదానికి మూడు వారాలల్ల మానే గుర్తు కనబడకపోతే తోలు అతకాలె, అట్ల అతికిన మచ్చలల్ల ఈ కేన్సర్ శానా తక్కువ. వాటంతట అవే మానినయి, నెలలకొద్ది కారినయి, అవే ముప్పై ఏండ్లకు తిరగబడతయి. ఇప్పుడైనా పగులుతున్న మచ్చను కేన్సర్ కాకముందే తీసి మంచి తోలు వేస్తే ఆపొచ్చు.

మామ: మరి ముక్క తీయాలె, ముక్క తీయాలె అని నా మీద పడితివి. కాలిన పిల్లలను కారుతున్న నెత్తితోని ఇంటికి పంపుడు ఆపమని మీ వార్డుల ముందు జెప్పు.

మేనకోడలు: చెప్త. అక్కడ నువ్వే కరెక్టు. గని ఈ మనిషికి ఆ మాట ముప్పై ఆరేండ్లు ఆలస్యం. ఈయనకు ఇప్పుడు మిగిలింది ముక్కనే.

మామ: ఎక్కడికి పంపాలె?

మేనకోడలు: ఎంజీబీఎస్‌ల దిగితే ఉస్మానియా దవాఖాన నడిచిపోయే దూరం. ప్లాస్టిక్ సర్జరీ ఓపీ. నేను చీటి రాస్త. నువ్వు ఇంకో పని చెయ్యి. కట్టు కట్టేముందు టేపుతోని పుండు పొడుగు, వెడల్పు కొలిచి తారీఖు వేసి నోట్‌బుక్కుల రాయి, ఫోన్ల ఫొటో తీయి. పాత మచ్చ మీద ఏ పుండైనా నెల దాటి మానకపోతే, లేదంటే కొలత పెరిగితే నా దగ్గరికి పంపు. పుస్తకాలల్ల మూడు నెలలని ఉంటది. తల మీదైతే నేను అన్ని రోజులు ఆగను, కింద ఎముకనే ఉన్నది గద.

మామ: కట్లు ఆపమంటవా?

మేనకోడలు: ఆపకు. నువ్వు ఆపితే వాళ్ళు రారు, వస్తేనే గద పంపేది.

మామ: ముక్క తీసి ‘లేదు’ అంటే?

మేనకోడలు: పుండు మానిందా అని చూడు. మానకపోతే మళ్ళ పంపు.

మామ: ‘ఒకసారి తీసినం, మళ్ళ ఎందుకొచ్చినవ్’ అని ఆయన మీద ఎగిరితే?

మేనకోడలు: నాకు ఫోన్ కొట్టమను.

మామ: నైట్ డ్యూటీల ఉండి ఎత్తకపోతే?

మేనకోడలు: నీ ఫోన్ ఎప్పుడన్నా ఎత్తలేదా మామా?

మామ: నా ఫోన్ ఎత్తుతవ్, నేను నీ మేనమామను. ఆయనది ఎత్తుతవా అని అడుగుతున్న.

మేనకోడలు: ఆయన నంబరు చెప్పు, ఇప్పుడే సేవ్ చేసుకుంట.